కంచు పతకమునకు వెల



అశోకనగరమున చదువుకొను పిల్లలకు ‘బిట్టు’ అను మాట అన్నముకంటె ఎక్కువ పరిచయము. ప్రభుత్వోద్యోగముల పరీక్షలకై జిల్లాలనుండి వచ్చి, ఇరుకు గదులలో నలుగురైదుగురు చేరి, పగలంతయు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి వారు కంఠస్థము చేయునవి ఈ బిట్లే. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, అందొకటి సరియైనది. నేను చిక్కడపల్లి నివాసిని. పాత పుస్తకములకై ఆ గ్రంథాలయమునకు పోవుచుండువాడను. పిల్లలు ఒకరినొకరు ప్రశ్నించుకొను మాటలు నా చెవిని బడుచుండును. ‘స్వతంత్ర భారతమునకు మొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకము తెచ్చినవాడెవడు?’ అని యొకడు అడుగును. ‘కె.డి. జాధవ్, కుస్తీ, 1952, హెల్సింకి’ అని రెండవవాడు తడుముకొనక చెప్పును. ‘కలియుగ భీముడు?’ ‘కోడి రామ్మూర్తి నాయుడు.’ అంతలో మరియొక ప్రశ్న.

జవాబులు రెండును సరియైనవే. కాని ఆ రెండు పేళ్ల వెనుకనున్న జీవితములను ఒకదాని ప్రక్కన నొకటి పెట్టి చూచినచో, బిట్టులో ఇమడని సంగతి యొకటి కనబడును. మన దేశమున మల్లుడు ఎట్లు బ్రతికెను? వానికి అన్నము పెట్టినవారెవరు? నేటి ప్రసంగమున నేను చెప్పబూనినది ఈ సంగతియే.

సంగీత విద్వాంసునకు వీణ యెట్టిదో, మల్లునకు ఆహారమట్టిది. పాలు, నెయ్యి, బాదము పప్పు లేనిదే దండములు, బస్కీలు తీయు శరీరము నిలువదు. ఉదయము మూడు నాలుగు గంటలు, సాయంకాలము అంతియే కాలము గోదాలో గడపువాడు వేఱొక వృత్తి చేసి సంపాదించుకొనుట కష్టము. కావున పూర్వకాలమున మల్లుడు రాజును గాని జమీందారును గాని ఆశ్రయించి యుండెడివాడు. రాజు తన యేనుగులను పోషించినట్లే మల్లులను పోషించెడివాడు. పండుగనాడు వారిని గోదాలోనికి దింపి పొరుగు రాజు మల్లులపై గెలిపించి సంతోషించెడివాడు. జగత్ప్రసిద్ధుడైన గామా పహిల్వాను దతియా సంస్థానపు ఉప్పు తిని పెరిగినవాడు. పిమ్మట పటియాలా మహారాజు ఆయనకు ఆశ్రయమిచ్చెను. 1910లో లండను నగరమున తనతో చాలసేపు పెనగి సరిసమానముగా నిలిచిన జ్బిష్కో అను పోలండు మల్లుని గామా 1928లో పటియాలాలో ఒక్క నిమిషమైన గడువకమునుపే పడవేసెను. సంస్థానములు పోయిన తరువాత ఆ గామాయే లాహోరులో పేదరికమున దినములు గడిపి 1960లో మరణించెను. ఆయనను ఓడించిన మల్లుడు లేడు. ఆశ్రయము లేమి మాత్రము ఓడించెను.

మన హైదరాబాదునకు కూడ ఈ విద్య క్రొత్తది కాదు. పాతబస్తీలో తాలీములు నేటికిని కొన్ని మిగిలియున్నవి. గురువును ‘వస్తాదు’ అనుట, మల్లుని ‘పహిల్వాను’ అనుట మన యూరి వాడుక. తెలుగు భాషయందు కుస్తీ యెంత లోతుగా పాతుకొనినదో చూడుడు. వెల్లకిల పడి రెండు భుజములు నేలకంటినవాడు ‘చిత్తు’. ఎన్నికలలో ఓడినవాడు ‘చిత్తుగా ఓడినాడు’ అందుము. క్రొత్తగా నిలుచువాడు ‘గోదాలోనికి దిగినాడు’ అందుము. ఈ రెండు మాటలు లేకున్నచో మన పత్రికల వారికి ఎన్నికల దినములలో పూట గడవదు. ఆ మాటలను పుట్టించిన మట్టిగోదాలు మాత్రము అరుదైపోయినవి. నారాయణగూడ వై.ఎం.సి.ఏ. మైదానమున బంతియాటలు చూచుటకు నిలుచు పిల్లలను అడిగినచో, గోదా యనగా ఎన్నికల మాటయే యని చెప్పెదరేమో.

ఇక రామ్మూర్తి నాయుడుగారి సంగతి. ఆయన 1882 ప్రాంతమున నేటి ఉత్తరాంధ్రలోని వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పినతండ్రియొద్ద పెరిగెను. అచ్చటనే సాము, కుస్తీ నేర్చెను. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమునకు తిరిగివచ్చి డ్రిల్లు మాస్టరుగా చేరెను. ఇంతవరకు ఆయన జీవితము ఒక చిన్న యుద్యోగి జీవితము. బడి మాస్టరు జీతముతో అట్టి శరీరమును పోషించుట సాధ్యముగాదు. ఆయన కుస్తీనే నమ్ముకొనియుండినచో ఏ సంస్థానపు కొలువులోనో ఒదిగిపోయెడివాడని నాకు తోచును. ఆయన వేఱు త్రోవ తొక్కెను. స్నేహితుల సాయముతో సర్కసు పెట్టెను. ఉక్కు గొలుసులు ఛాతికి చుట్టించుకొని ఊపిరి పూరించి తెంచుట, రెండు ప్రక్కల రెండు కార్లను కట్టించుకొని కదలకుండ నిలుపుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట — ఈ ప్రదర్శనములతో ఆయన దేశమంతయు తిరిగెను. ‘కలియుగ భీముడు’, ‘మల్ల మార్తాండ’ మొదలగు బిరుదులు వచ్చినవి. సముద్రము దాటి లండనులో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట తన బలము చూపి ‘ఇండియన్ హెర్క్యులెస్’ అనిపించుకొనెనని ప్రసిద్ధి.

ఈ ప్రదర్శనములను గూర్చి కథలు చాల ఉన్నవి. ఒక్కొక్కరు చెప్పినప్పుడు ఏనుగు బరువు కొంచెము పెరుగుచుండును. నాకు ఆ బరువుతో పనిలేదు. నేను గమనించునది వేఱొకటి. రామ్మూర్తిగారు మల్లుడే యైనను, లోకము డబ్బిచ్చి చూచినది ఆయన కుస్తీని కాదు, ఏనుగును. రాజును ఆశ్రయింపక, ప్రజల టిక్కెట్టు డబ్బుతో తన శరీరమును, తనతోపాటు ఒక పెద్ద బృందమును పోషించిన మొదటి తెలుగు మల్లుడని ఆయనను చెప్పవచ్చును. అది చిన్న విషయము కాదు. కాని టిక్కెట్టు కొన్నవాడు ప్రతి సాయంకాలమును అద్భుతము కోరును. కుస్తీలో అద్భుతము ప్రతి సాయంకాలమును జరుగదు. అందుచేత ఏనుగు వచ్చినది. ఆర్జించిన ధనమును ఆయన దానధర్మములకు ధారాళముగా వ్యయపరచెను. కడపటి దినములలో కాలి వ్యాధికి శస్త్రచికిత్స జరిగి, 1942 జనవరి 16వ తేదీన ఒరిస్సాలోని బలంగీరులో మరణించెను. విశాఖపట్నము సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. శ్రీకాకుళమున ఒక క్రీడామైదానమునకు ఆయన పేరు పెట్టిరి. ఆ శ్రీకాకుళ ప్రాంతమే, ఊసవానిపేట అను పల్లెనుండి, కరణం మల్లీశ్వరిని ఇచ్చినది. ఆమె 2000 సంవత్సరమున సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత మహిళ యైనది. అశోకనగరమున ఇది మూడవ బిట్టు. ఇక్కడ బరువు కథలతో పెరుగదు. తూచి, వ్రాసి పెట్టబడినది.

తూచి వ్రాసిపెట్టు ఈ క్రొత్త లోకములోనికి మన కుస్తీ ఎట్లు ప్రవేశించెనో కొంచెము చెప్పవలెను. ఫ్రీస్టైల్ అనగానే దారాసింగును, కింగ్‌కాంగును తలచుకొను పెద్దలు మనలో చాలమంది కలరు. అవి టిక్కెట్టు ప్రదర్శనములు. వాని రుచి వేఱు. ఒలింపిక్ ఫ్రీస్టైల్ అట్టిది కాదు. గ్రీకో-రోమన్ అను పద్ధతిలో నడుమునకు క్రింద పట్టరాదు. ఫ్రీస్టైలులో కాళ్లను సైతము పట్టవచ్చును. ఈ విషయమున అది మన కుస్తీకి దగ్గర చుట్టము. చుట్టమే కాని, ఇల్లు వేఱు. మన గోదాలో చదునుచేసి దున్నిన మన్ను. వ్రేళ్లు మన్నులో దిగి పాదము గట్టిగా నిలుచును. అచ్చట పరుపు, పాదము జారును. మన గోదాలో ప్రత్యర్థి చిత్తగువరకు ఆట సాగుచునే యుండును. అచ్చట గడియారము, న్యాయాధిపతులు, మార్కులు. బరువునుబట్టి తరగతులు కూడ కలవు. మన గోదాలో బక్కవాడు బలిసినవానిని పడవేయుటయే అందము. అచ్చట వారిద్దరును ఎదురుపడరు.

1920లో ఆంట్వెర్పు ఒలింపిక్సునకు దోరాబ్జీ టాటాగారి పూనికతో భారతదేశమునుండి ఆరుగురు వెళ్లిరి. అందిద్దరు మల్లులు: కుమార్ నవలే, రణధీర్ షిందే. షిందే పతకమునకు ఒక్క మెట్టు దూరమున, నాలుగవ స్థానమున నిలిచెను. ఆ మెట్టెక్కుటకు మన కుస్తీకి ముప్పదిరెండేండ్లు పట్టినది.

ఎక్కినవాడు ఖాశాబా దాదాసాహెబ్ జాధవు. 1926 జనవరి 15వ తేదీన సతారా జిల్లా కరాడ్ సమీపమున గోళేశ్వర్ అను పల్లెలో జన్మించెను. తండ్రి దాదాసాహెబు స్వయముగా మల్లుడు. అయిదుగురు కొడుకులలో కడపటివాడైన ఖాశాబాకు ఆయనయే మొదటి గురువు. పిమ్మట బాబూరావు బలావడే, బేలాపురీ గురూజీ అనువారియొద్ద శిక్షణ జరిగెను. కొల్హాపురము రాజారాం కళాశాలలో చదువు. ఆ కళాశాల వార్షిక క్రీడలలో కుస్తీకి పేరిమ్మని అడిగినప్పుడు, ఇంత బక్కవాడు కుస్తీయేమి యని వ్యాయామోపాధ్యాయుడు త్రోసిపుచ్చెననియు, కుఱ్ఱవాడు తిన్నగా ప్రిన్సిపాలు ఖర్డీకరుగారియొద్దకు పోగా ఆయన అనుమతించెననియు, ఆనాడు జాధవు తనకంటె పెద్దవారిని వరుసగా పడవేసెననియు చెప్పుదురు. ఖర్డీకరు అను ఈ పేరు జ్ఞాపకముంచుకొనుడు, బిట్లలో దొరకదు.

1948లో లండను ఒలింపిక్సునకు జాధవు వెళ్లుటకైన ఖర్చు కొల్హాపురపు మహారాజు భరించెను. చూడుడు, ఇది కూడ రాజాశ్రయమే. కాని అదే చివరిది. సంస్థానములు భారతదేశమున కలసిపోవుచున్న సంవత్సరమది. పరుపుపై కుస్తీ, అంతర్జాతీయ నియమములు ఆయనకు క్రొత్త. లండనులో రీస్ గార్డ్‌నర్ అను అమెరికా మల్లుడు ఆయనకు శిక్షణ నిచ్చెను. ఆస్ట్రేలియావాడైన బెర్ట్ హారిసును కొద్ది నిమిషములలో ఓడించి, అమెరికావాడైన బిల్లీ జెర్నిగనును గెలిచి, ఇరాను మల్లుడు మన్సూర్ రయీసీ చేతిలో ఓడి, ఫ్లైవెయిట్ తరగతిలో ఆరవ స్థానమున నిలిచెను. అంతకుమునుపు పరుపే యెరుగనివానికి ఆరవ స్థానము!

తిరిగివచ్చి నాలుగేండ్లు ఒక్క హెల్సింకిపైననే దృష్టి నిలిపెను. ఈసారి బరువు పెంచి, 57 కిలోల బాంటమ్‌వెయిట్ తరగతికి మారెను. అడ్డంకులు రెండు. మొదటిది ఎంపిక. మద్రాసులో జరిగిన జాతీయ పోటీలలో నిరంజన్ దాసు అను మల్లునికంటె తనకు ఒక్క మార్కు కావలెనని తగ్గించి వేసిరని జాధవు ఫిర్యాదు. క్రీడాప్రియుడైన పటియాలా మహారాజునకు మొర పెట్టుకొనెను. మరల ఎంపిక పోటీలో అవకాశము దొరకెను. ఈసారి న్యాయాధిపతులకు మార్కులు లెక్కించు శ్రమ లేకుండ ప్రత్యర్థిని పడవేసి తన స్థానము సంపాదించుకొనెను.

రెండవ యడ్డంకి డబ్బు. జట్టులో పేరున్నను, ప్రయాణపు ఖర్చు మల్లుడే తెచ్చుకొనవలసిన రోజులవి. కొల్హాపురమున రాజ్యము లేదు. క్రొత్త ప్రభుత్వము ఇంకను ఈ బరువు భుజమున వేసికొనలేదు. రామ్మూర్తిగారివలె సర్కసు పెట్టుటకు ఈయనయొద్ద ఏనుగు లేదు. గోళేశ్వరు గ్రామస్థులు చందాలెత్తిరి. అవి చాలలేదు. అప్పుడు ప్రిన్సిపాలు ఖర్డీకరుగారు తన యిల్లు తాకట్టుపెట్టి ఏడువేల రూపాయలు తెచ్చి శిష్యుని చేతిలో పెట్టెను.

ఈ మాట తొందరగా చెప్పి దాటిపోవుటకు నాకు మనసొప్పదు. 1952లో ఏడువేల రూపాయలనగా ఒక యుపాధ్యాయుని సంసారపు మూలాధారము. ఇల్లు పోయినచో జీవితాంతము అద్దెయింట నుండవలెను. శిష్యుడు గెలుచునని ఏమి నిశ్చయము? పరుపుపై కాలు జారినచో, తొలి ఆటలోనే ఇంటికి తిరుగవలసినదే. కుస్తీకి రాజులు లక్షలు వెచ్చించిన కథలు మనము వినియున్నాము. వారు వెచ్చించినది మిగులులోనిది. ఈయన వెచ్చించినది తల దాచుకొను కప్పు.

హెల్సింకిలో జాధవు కెనడావాడైన ఆడ్రియన్ పోలిక్విన్‌ను, మెక్సికోవాడైన లియొనార్డో బసుర్తోను, జర్మనీవాడైన ఫెర్డినాండ్ ష్మిట్జును వరుసగా గెలిచెను. ప్రత్యర్థి తలను చంకలో బిగించి, నడుము తిప్పి నేలకు విసరు ‘ఢాక్’ అను పట్టు ఆయనకు పెట్టినది పేరు. మట్టిగోదాలో నేర్చిన ఆ పట్టు పరుపుపై గూడ పనిచేసెను. పిమ్మట జపాను మల్లుడు షోహాచి ఇషీతో చాలసేపు పెనగి ఓడెను. ఆ యిషీయే ఆ తరగతిలో బంగారు పతకము గెలిచినవాడు. కావున ఓటమి చిన్నతనము కాదు. కాని ఆయాసము తీరకముందే సోవియట్ మల్లుడు మమ్మద్‌బేయోవుతో పోరాడుమని పిలుపు వచ్చెను. రెండు పోరాటముల నడుమ అరగంట విశ్రాంతి ఇయ్యవలెనని నియమము. ఆ నియమమును చూపి అడుగుటకు మన పక్షమున అధికారి యొక్కడును అచ్చట లేడని చెప్పుదురు. అలసిన శరీరముతో దిగి జాధవు ఓడెను. మమ్మద్‌బేయోవునకు వెండి, జాధవునకు కంచు. అది 1952 జూలై 23వ తేదీ.

అదే ఒలింపిక్సులో మన హాకీ జట్టు బంగారు పతకము గెలిచెను. దేశమంతటను హాకీ జయధ్వానములే. కంచు పతకము ఒక మూల అణగియుండెను. కరాడు ప్రాంతమున మాత్రము అట్లు కాదు. స్టేషనునుండి గోళేశ్వరమువరకు నూటయేబదియొక్క ఎడ్లబండ్లతో ఊరేగించిరనియు, పావుగంట ప్రయాణమునకు ఏడు గంటలు పట్టెననియు అక్కడివారి మాట. ఎడ్లబండ్ల లెక్కను గూడ ఏనుగు బరువువలె అనుమానింపవచ్చును. ఊరు కదలివచ్చినదనుటలో అనుమానము లేదు.

తరువాతి జీవితము త్వరగా చెప్పదగినది. 1955లో బొంబాయి పోలీసుశాఖలో సబిన్‌స్పెక్టరుగా చేరెను. మోకాటి గాయమువలన మెల్‌బోర్నుకు పోలేకపోయెను. ఇరువదియేడేండ్లు కొలువు చేసి అసిస్టెంటు కమిషనరుగా విరమించెను. అనగా ఆయనను జీవితాంతము పోషించినది కుస్తీ కాదు, పోలీసు జీతము. పింఛనుకై కూడ ఆయన తిరుగవలసివచ్చెనందురు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల జ్యోతిని మోయుటకు ఆయనను పిలిచిరి. 1984 ఆగస్టు 14వ తేదీన కరాడ్ సమీపమున రోడ్డు ప్రమాదములో మరణించెను. అర్జున పురస్కారము మరణానంతరము 2000 సంవత్సరమునకు లభించెను. ఢిల్లీలోని కుస్తీ మందిరమునకు 2010లో ఆయన పేరు పెట్టిరి. ఆయన తరువాత వ్యక్తిగత ఒలింపిక్ పతకము భారతదేశమునకు మరల వచ్చుటకు 44 ఏండ్లు పట్టినది. అది 1996లో లియాండర్ పేస్ టెన్నిసులో తెచ్చినది. కుస్తీలో మరియొక పతకమునకు 56 ఏండ్లు. 2008లో బీజింగున సుశీల్ కుమారు తెచ్చెను. నడుమ ఇన్ని యేండ్లు మన గోదాలలో బలవంతులు లేకపోలేదు. ఇల్లు తాకట్టు పెట్టెడి ప్రిన్సిపాళ్లు ఊరికొకరు దొరకరు కదా! నేడు పోలీసుశాఖ, రైల్వేలు, సైన్యము మల్లులకు ఉద్యోగములిచ్చుచున్నవి. ప్రభుత్వ శిక్షణాలయములు పరుపులు వేయుచున్నవి. మల్లునకు ఇప్పుడు నెల జీతము కలదు. సంస్థానాధీశుని దయ, టిక్కెట్టు కొనువాని దయ, గురువు ఇంటి దస్తావేజు — ఈ మూటిని దాటి ఇంతదూరము వచ్చుటకు మన మల్లవిద్యకు వందయేండ్లు పట్టినది.

ఇక ఖర్డీకరుగారి యిల్లు ఏమైనది? హెల్సింకినుండి తిరిగివచ్చిన జాధవు మొదట చేసిన పని పతకమును భద్రపరచుట కాదు. కొల్హాపురమున కుస్తీ పోటీలు ఏర్పాటు చేయించెను. పరుపు కాదు, తాను పుట్టి పెరిగిన మట్టిగోదా. ప్రజలు డబ్బిచ్చి చూడవచ్చిరి. ఒకదాని వెనుక నొకటి పోటీలలో తానే దిగి గెలిచి, వచ్చిన సొమ్ము కూడబెట్టి, గురువుగారి యిల్లు తాకట్టునుండి విడిపించెను.